నా సర్టిఫికెట్ మీద కత్తెర పెట్టిన గౌస్ సార్

పటాన్‌చెరు బస్టాండు ఎదురు సందులో ఒక జిరాక్స్ దుకాణం ఉంది. మొన్న బ్యాంకు పని మీద ఆధార్ కార్డు నకలు కావలసి వచ్చి అక్కడ ఆగాను. దుకాణం ఆవిడ యంత్రం మూత తీసి, కార్డును బోర్లా పడుకోబెట్టి, మూత వేసి మీట నొక్కింది. పచ్చటి వెలుగు ఒకటి అటునుంచి ఇటు పాకింది. కాగితం బయటికి వచ్చి నా చేతిలో పడింది. పెనం మీంచి అప్పుడే దించిన రొట్టెలా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం, దాంతోపాటు వచ్చే ఆ కమురు వాసన తగిలాయో లేదో, "ముందుగాల ఒరిజినల్ తీస్కో బేటా" అని వెనకనుంచి ఎవరో అన్నట్టయింది. చటుక్కున మూత ఎత్తి కార్డు లాక్కున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీ కార్డు నేనేమన్న ఎత్కపోతనా అక్కా?" అంది. అది కాదమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. గౌస్ సార్ గురించి జిరాక్స్ దుకాణంలో నిలబడి చెప్పడం కుదిరే పని కాదు. మొదలుపెడితే అరగంట పడుతుంది, వెనకేమో నలుగురు నిలబడి ఉన్నారు.

గౌస్ సార్ నా మొదటి బాస్. ఆయన పోయి రెండేళ్లయింది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక బేరింగుల గోడౌను పైన, మూడు గదుల్లో మా కంపెనీ ఉండేది. ఈ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో రియాక్టర్లని పెద్ద పెద్ద ఉక్కు పాత్రలు ఉంటాయి. వాటిలో సరుకు ఉడుకుతున్నంతసేపూ వేడి ఎంత, ఒత్తిడి ఎంత అని నిమిషనిమిషానికీ రాసిపెట్టే డబ్బాలు మేం తయారుచేసేవాళ్లం. డబ్బా లోపల ఒక చిన్న కంప్యూటరు, అందులో సీ భాషలో రాసిన మా ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాములన్నిటికీ గౌస్ సార్ పెద్దదిక్కు. సంగారెడ్డిలో పుట్టి పెరిగిన మనిషి. ఐటీఐ చదివి, ఫ్యాక్టరీల్లో మీటర్లు బాగుచేసే పనితో మొదలుపెట్టి, నలభయ్యో ఏట తనంతట తాను సీ నేర్చుకున్నాడు. పొట్టిగా, తెల్ల చొక్కాలో, జేబులో రెండు పెన్నులతో ఉండేవాడు. కళ్లద్దాలు మాత్రం ఎప్పుడూ ఉండవలసిన చోట ఉండేవి కావు.

నేను ఆయన దగ్గరికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా నాన్న ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడి కాలనీ క్వార్టరులో స్థిరపడ్డాడు. నేను పుట్టింది ఇక్కడే అయినా ఇంట్లో మాట మాత్రం అక్కడిదే. నా నోట ప్రతి వాక్యం చివరా ఒక "అండి" దానంతటదే వచ్చి పడేది. ఆ రోజు సార్ నన్ను కూర్చోమని చెప్పి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగాడు.

"ఫైల్ పాత్ అంటే ఏంది?"

"ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా అండి. మధ్యలో ఏటవాలు గీతలు, అంటే స్లాషులు ఉంటాయండి."

"మరి దాంట్ల ఫోల్డర్ పేరు అలగ్, ఫైల్ పేరు అలగ్ ఎట్ల తీస్తవ్?"

"డిర్‌నేమ్ అని ఒక ఫంక్షన్ ఉంటుందండి, అది ఫోల్డరు ఇస్తుంది. బేస్‌నేమ్ అని ఇంకోటి ఉంటుందండి, అది ఫైలు పేరు ఇస్తుంది."

"డిర్‌నేమ్ ఎట్ల ఇస్తది?"

"పిలిస్తే ఇస్తుందండి," అన్నాను. అంతకుమించి నాకు తెలియదు.

ఆయన తల ఊపి, సర్టిఫికెట్లు చూపించమన్నాడు. నేను సంచిలోంచి డిగ్రీ పట్టా తీసి ఇచ్చాను. ఆయన దాన్ని బల్లమీద పరిచి, అరచేత్తో ముడతలు సరిచేసి, సొరుగులోంచి ఒక పెద్ద కత్తెర తీశాడు. "దీంట్ల నాకు నీ పేరొక్కటే కావాలె," అంటూ కత్తెర నోరు తెరిచి సరిగ్గా నా పేరు పక్కన ఆనించాడు.

నేను కుర్చీలోంచి లేచిన చప్పుడుకు పక్కగదిలో వాళ్లు కూడా వచ్చారు. "సార్! సార్! ఏం చేస్తున్నారండీ!"

"పేరు తీస్కుంటున్న. పిలిస్తే ఇస్తదని నువ్వే అన్నవ్ గద."

"అది ఒరిజినల్ అండీ! కావాలంటే జిరాక్స్ తీసుకుని కోసుకోండి!"

కత్తెర కింద పెట్టేశాడు. మొహం నిండా నవ్వు. "ఇగ పాసైనవ్. సోమారం సంది రా. ఒరిజినల్ ఎవ్వరి చేతికి ఇయ్యకు. నా చేతికి గూడ."

ఇంటికి వెళ్లి జరిగింది చెబితే, ఆ కంపెనీలో చేరవద్దని మా అమ్మ గట్టిగా చెప్పింది. నేను చేరాను. చేరిన మొదటి రోజే ఆ కత్తెర సంగతి అర్థమైంది. డిర్‌నేమ్ మనం ఇచ్చిన చిరునామాకు నకలు తీసి, దాంట్లోంచి ఫోల్డరు పేరు వేరుచేసి ఇవ్వదు. మనం ఇచ్చిన చిరునామాలోకే వెళ్లి, చివరి స్లాషు ఉన్నచోట ఒక సున్నా పెట్టి వస్తుంది. సీ భాషలో సున్నా ఎక్కడుంటే మాట అక్కడితో అయిపోయినట్టు. మనకు కావలసిన ఫోల్డరు పేరు వస్తుంది, నిజమే. కానీ మన చేతిలో ఉన్న అసలు చిరునామా కూడా అక్కడికే తెగిపోతుంది. ఫైలు పేరు లేని ఆ మొండి చిరునామాను పట్టుకుని తర్వాత ఏ పని చేయబోయినా ఆ పని ఫైలు మీద కాకుండా ఫోల్డరు మీద జరుగుతుంది. కాబట్టి ముందు నకలు తీసుకోవాలి, ఆ నకలును కోయాలి. నకలు తీసే ఫంక్షనుకు అసలు పేరు ఏదో ఉంది గాని మా ఆఫీసులో దాన్ని అందరూ జిరాక్స్ అనే పిలిచేవాళ్లు.

ఈ జిరాక్స్ పిచ్చి ఆయనకు ఊరికే రాలేదు. ఇరవై ఏళ్ల వయసులో ఒక ఫ్యాక్టరీలో చేరితే, భద్రంగా ఉంటాయని చెప్పి ఆయన ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్లే పెట్టుకున్నారట. ఆరు నెలలకు వేరేచోట మంచి ఉద్యోగం వచ్చింది. ఇవ్వండి అంటే, రేపు రా, ఎల్లుండి రా అన్నారు. అలా మూడేళ్లు తిప్పారు. ఆ మంచి ఉద్యోగం ఎవరికో వెళ్లిపోయింది. "మూడేండ్లు నా పేరు వాళ్ల బీరువల ఉండె, నేను బైట ఉన్న," అని నవ్వుతూ చెప్పేవాడు. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా నవ్వు వచ్చేది కాదు. అప్పటినుంచి ఆయన చేతికి వచ్చిన ప్రతి కాగితానికీ రెండు నకళ్లు పుట్టేవి. డాక్టరు చీటీ, కరెంటు బిల్లు, పెళ్లి శుభలేఖ దేన్నీ వదల్లేదు. ఆయన కుర్చీ వెనక ఒక ఆకుపచ్చ ఇనుప బీరువా ఉండేది. కాగితాలు ఎక్కువై దాని తలుపు పడేది కాదు, సైకిల్ ట్యూబు చుట్టి బిగించేవాడు. అందులో జిరాక్సులకు తీసిన జిరాక్సులు కూడా ఉండేవి.

ఆయన పాఠం చెప్పే సమయం మధ్యాహ్నం చాయ్ వేళ. చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ, మధ్యమధ్య ప్రశ్నలు విసిరేవాడు.

"స్లాషే లేని పాత్ ఇస్తే డిర్‌నేమ్ ఏమిస్తది?"

"చుక్క ఇస్తుందండి. ఈ ఫోల్డరే అని అర్థం."

"కరెక్ట్. ఇంట్ల ఉన్నోనికి చిట్టీ రాస్తే ఊరి పేరు రాస్తమా? ఈడనే ఉన్నడని సమజ్. మరి ఒట్టి స్లాష్ ఒక్కటే ఇస్తే? దాని పైన ఏముంటది?"

"మళ్లీ ఆ స్లాషే ఇస్తుందండి."

"మా ఇంట్ల మా అమ్మీ లెక్క. ఆమె పైన ఎవ్వరు లేరు. ఆమె మీద ఫిర్యాదు గూడ ఆమెకే చెయ్యాలె."

చివర స్లాషు మిగిలిపోయిన చిరునామా దగ్గరికి వచ్చేసరికి నా బుర్ర తిరిగిపోయేది. బేస్‌నేమ్ అనే పేరుతోనే రెండు ఫంక్షన్లు ఉన్నాయి. ఏది వస్తుందనేది ప్రోగ్రాము మొదట్లో మనం ఏ హెడరు, అంటే ఏ ఫంక్షన్ల జాబితా, చేర్చామన్నదాన్ని బట్టి ఉంటుంది. చివర స్లాషు ఉంటే ఒకటి దాన్ని తీసేసి పేరు ఇస్తుంది, ఇంకొకటి ఖాళీ చేతులు చూపిస్తుంది. ఇదేం అన్యాయం అండి అంటే ఆయన సాసరు దించి, "మా గల్లీల ఇద్దరు సలీములున్నరు," అన్నాడు. "ఒకడు పిలిస్తె వస్తడు, ఇంకొకడు పిలిస్తె కొట్లాటకు వస్తడు. పిలిచేముందు ఏ సలీమో చూస్కోవాలె." తర్వాత నా వైపు జాలిగా చూసి, "నీ మాటల్లకెల్లి అండి తీసేస్తె సగం మెమరీ మిగుల్తది బేటా," అన్నాడు.

చేరిన రెండు నెలలకు గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పెట్టిన డబ్బా బాధ్యత నాకు అప్పగించారు. నేను సొంతంగా రాసిన మొదటి ప్రోగ్రాము అందులో ఉంది. ఆ డబ్బా దగ్గర పనిచేసే ఆపరేటరు పేరు యాదగిరి. నలభై ఏళ్ల మనిషి, పక్క ఊరివాడు, నెమ్మదస్తుడు. ఒకరోజు ఆయన ఫోను చేశాడు. "మేడం, మీ డబ్బా పండుకున్నది." ఆపి మళ్లీ వేయమన్నాను, లేచింది. కొన్నాళ్లకు మళ్లీ ఫోను. "మేడం, మళ్ల పండుకున్నది." అలా నాలుగుసార్లయ్యాక నేనే వెళ్లాను. యాదగిరి తన షిఫ్టు పుస్తకం చివరి పేజీ తెరిచి చూపించాడు. డబ్బా ఆగిన ప్రతిసారీ తేదీ, గంట రాసి పెట్టుకున్నాడు. "తొమ్మిది దినాలకు ఒక్కపారి మేడం. ఒక్క పూట అటు గాదు, ఇటు గాదు. మా వియ్యంకుడు గూడ ఇంత టైముకు రాడు."

ఆ పేజీ చూడకపోతే నేను ఇంకో రెండు నెలలు వెతికేదాన్ని. ఏదో నిండిపోతోందని దాన్ని చూడగానే తెలిసింది. సార్‌కు ఫోటో పంపితే ఆయన ఆఫీసులో కూర్చునే పట్టేశాడు. చిరునామా కోయవలసిన ప్రతిచోటా నేను బుద్ధిగా జిరాక్స్ తీశాను, కానీ పని అయిపోయాక ఒక్కదాన్నీ పారేయలేదు. తొమ్మిది రోజుల్లో డబ్బా మెమరీ అంతా నకళ్లతో నిండిపోయి ఊపిరాడక పడిపోతోంది.

"జిరాక్స్ తీసినవ్, మంచిగుంది. పని ఒడిసినంక చింపి పడెయ్యాలె గద?" అన్నాడు సార్, నేను ఆఫీసుకు తిరిగి వచ్చాక.

నేను ఆయన వెనక సైకిల్ ట్యూబు బిగించిన బీరువా వైపు చూశాను. ఆయన కూడా తల తిప్పి చూశాడు. కాసేపు ఇద్దరం చూశాం.

"అది అలగ్," అన్నాడు.

ఇక్కడే నేను తెలివి చూపించాను. నకళ్లు తీసిన చోట్లు పద్నాలుగు. ఒక్కొక్క చోటికీ వెళ్లి, పని ఎక్కడ అయిపోతుందో చూసి, అక్కడ చింపే లైను చేర్చాలి. దాని బదులు నాకు ఒక అద్భుతమైన ఆలోచన వచ్చింది. తీస్తేనే కదా చింపాలి, తీయకపోతే గొడవే లేదు. అక్కర్లేదనిపించిన చోటల్లా జిరాక్సు లైనే ఎత్తేశాను. ప్రోగ్రాము సన్నబడింది, చూడ ముచ్చటగా ఉంది. పరీక్ష కూడా చేశాను. డబ్బా రోజూ పొద్దున ఆరింటికి నిన్నటి ఫైలును మెమరీ కార్డులోకి నకలు తీసి, మూడు నెలలు దాటిన పాత ఫైలు ఒకదాన్ని చెరిపేయాలి. పరీక్షలో నా నమూనా ఫైళ్లు పోతాయేమోనని భయపడి, ఆ చెరిపే లైనొక్కటి ఆపేసి మిగతాదంతా పరీక్షించాను. అన్నీ చక్కగా నడిచాయి. ఇంత అమాయకంగా ఎలా ఉన్నానా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

మా దగ్గర ఏ మార్పు చేసినా రాసినవాళ్లు, చూసినవాళ్లు ఇద్దరూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. గడ్డపోతారం వెళ్లే వ్యానులో ఆ కాగితం, కోడు ముద్రించిన పేజీలు సార్ చేతికిచ్చాను. ఆయన జేబులు తడుముకుని, కళ్లద్దాలు ఆఫీసులో మరిచిపోయాడని గ్రహించి, ఆ సంగతి నాకు తెలియనివ్వకూడదని నిశ్చయించుకున్నాడు. పేజీలను చెయ్యి చాపినంత దూరం పెట్టి చూశాడు. వ్యాను గుంతలో పడి లేచినప్పుడల్లా పేజీలు ఎదుటి సీటుకు తగులుతున్నాయి. "జిరాక్సులు తక్కువైనట్టున్నయ్?" అన్నాడు. "అక్కర్లేనివి తీసేశానండి," అన్నాను గర్వంగా. "ఊ," అని సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఫ్యాక్టరీ ప్రొడక్షన్ మేనేజరు నాకు ఫోను చేశాడు. మా నాన్నలాగే కోస్తా నుంచి వచ్చినవాడు, నాలాగే మాట్లాడతాడు.

"ఏడో రియాక్టరు ఫోల్డరు మొత్తం మాయమైందమ్మా. మూడు నెలల రికార్డు. వచ్చే వారం తనిఖీవాళ్లు వస్తున్నారు, మా మీద తాటాకులు కట్టేస్తారు."

నా గుండె జారింది. కానీ నోరు మాత్రం గుండె కోసం ఆగలేదు. "మా ప్రోగ్రాం ఒక్క ఫైలే చెరుపుతుందండి, ఫోల్డరు జోలికి పోదు. ఆ టైములో డ్యూటీలో ఎవరున్నారండి?"

"యాదగిరి ఉన్నాడు," అన్నాడు మేనేజరు, అప్పుడే గుర్తొచ్చినట్టు.

పదకొండు గంటలకల్లా యాదగిరి దగ్గర గేటు పాసు లాక్కుని ఆయన్ని ఇంటికి పంపేశారు. మందుల ఫ్యాక్టరీలో రికార్డు చెరపడమంటే చిన్న విషయం కాదు. ఆ మాట ఒకసారి మనిషి పేరు పక్కన పడితే ఈ చుట్టుపక్కల ఇంకే ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోదు.

రికార్డు సంగతి మధ్యాహ్నానికే తేలిపోయింది. ప్రతి డబ్బాలోనూ మెమరీ కార్డులో రెండో నకలు ఉండి తీరాలని సార్ పట్టుబట్టి పెట్టించాడు. అనవసరం అని ఫ్యాక్టరీవాళ్లు, నేను కూడా, నవ్వుకునేవాళ్లం. ఆ కార్డు తెప్పించి మూడు నెలల ఫైళ్లూ ఒక్కటి తప్పకుండా వెనక్కి పెట్టాడు. అది అయ్యాక కుర్చీ నా వైపు తిప్పాడు.

"ఏ లైన్ల పోయింది, చూసినవా?"

"మనది కాదండి. అక్కడ ఎవరో..."

"ఎవరో అని ముందుగాలనే ఎట్ల ఎరుకైంది?"

నా బల్ల మీదే, చెరిపే లైనును ఈసారి ఆపకుండా, ప్రోగ్రాము నడిపించాడు. నమూనా ఫోల్డరు కళ్లముందే మాయమైంది. మళ్లీ ఫోల్డరు చేసి మళ్లీ నడిపాడు, మళ్లీ మాయమైంది. మూడోసారి కూడా అయ్యాక, "మంచిగ పన్జేస్తున్నది," అన్నాడు.

నేను జిరాక్సు తీసేసిన చోటే డిర్‌నేమ్ అసలు చిరునామాను కోసింది. చివరి స్లాషు పోయి, దాని వెనకున్న ఫైలు పేరూ పోయింది. మిగిలిన మొండి చిరునామాను, అంటే ఏడో రియాక్టరు ఫోల్డరును, తీసుకెళ్లి చెరిపే ఫంక్షనుకు అందించింది నా లైను. ఫోల్డరు ఇస్తే ఫోల్డరును కూడా మింగేలా ఆ చెరిపే ఫంక్షన్ రాసింది గౌస్ సారే. "అప్పట్ల జెర హుషారుగ రాసిన," అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, వ్యానులో సంతకం పెట్టిన కాగితం తీసి, మొదటిసారి నిజంగా చదివాడు.

అంతలో మేనేజరు ఫోను. సార్ స్పీకరు నొక్కాడు. "డేటా వచ్చేసింది కదండీ, చాలా సంతోషం. ఆపరేటర్ పొరపాటు అని ఒక రిపోర్టు ఇచ్చేయండి. మీకూ తలనొప్పి లేదు, మాకూ లేదు. అతన్ని ఎలాగూ పంపించేశాం." ఒక్క గంట టైమివ్వండి అని సార్ ఫోను పెట్టేశాడు.

ఉన్నమాట రాస్తాను. ఒక నిమిషం పాటు నాకు ఆ ఉపాయం నచ్చింది. రెండు వారాల్లో నా ఉద్యోగం ఖాయం కావాలి. నాన్న కాలనీ అంతా చెప్పుకున్నాడు. యాదగిరికి ఇంకెక్కడో పని దొరక్కపోదులే అని కూడా అనుకున్నాను. తొమ్మిది రోజుల లెక్క రాసి నన్ను ఒడ్డున పడేసిన మనిషి గురించే అలా అనుకున్నాను. సార్ నన్నే చూస్తున్నాడు. చివరికి, "పొద్దున నేనొక మాట అన్నానండి," అని మొదలుపెట్టి, డ్యూటీలో ఎవరున్నారని అడిగిన సంగతి చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

ఆయన ఓదార్చలేదు. కోపం వచ్చింది, అది దాచుకోలేదు కూడా. "నువ్వడిగినవ్, గాళ్లు పేరు చెప్పిన్రు. లేకుంటె గాళ్లకు యాదగిరి యాదికొచ్చెటోడా?" అన్నాడు. "నీ నౌకరి సంగతి నేను చూస్త. ఆయన నౌకరి ఎవరు చూడాలె?" అన్నాడు.

రిపోర్టు నేనే రాశాను. కారణం అన్న గడిలో అందరూ రాసినట్టే మానవ తప్పిదం అని రాశాను. సార్ దాన్ని కొట్టేశాడు. "ఏ మానవుడు? పేరుంటది గద." లైను నంబరు వేసి, రాసింది నేనని నా పేరు రాయించాడు. చెరిపే ఫంక్షన్ రాసింది, కోడు చూసి సంతకం పెట్టింది తానని తన పేరు రాశాడు. దాని కింద సొంత దస్తూరీతో, చూసినప్పుడు కళ్లద్దాలు లేవు అని కూడా చేర్చాడు. అది వద్దండి సార్ అని ఎంత బతిమాలినా వినలేదు. నిజమే గద, అన్నాడు.

గంట అన్నది, రిపోర్టు పట్టుకుని ఫ్యాక్టరీ చేరేసరికి రెండు గంటలైంది. మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "కళ్లద్దాల సంగతి కూడా రాయాలా సార్?"

"తనిఖీవాళ్లు అడుగుతరు గద, ఎందుకు పట్కోలేదని."

మేనేజరు పెద్దగా ఊపిరి వదిలి, యాదగిరి పాసు తిరిగి ఇవ్వమని గేటుకు ఫోను చేశాడు. మంచివాడే, చిక్కులో పడ్డవాడు, అంతే. తర్వాత చెయ్యి చాపాడు. "ఒరిజినల్ మా ఫైల్లో ఉండాలండి." సార్ కాగితం ముందుకు చాపాడు గాని వేళ్లు వదల్లేదు. మేనేజరు అటు పట్టుకున్నాడు, సార్ ఇటు. కాగితం బిర్రుగా అయింది. "జిరాక్స్ తీస్కోని ఇస్త," అన్నాడు సార్. "మా యంత్రం చెడిపోయిందండి." ఇంకాసేపు అలాగే ఉన్నారు. "వదలండి సార్," అన్నాడు మేనేజరు, చాలా మర్యాదగా. నాకు పగలబడి నవ్వాలనీ ఉంది, ఏడవాలనీ ఉంది. సార్ వేళ్లు ఒక్కొక్కటే తీశాడు. నేను ఎరిగినంతలో ఆయన నకలు లేకుండా ఇచ్చేసిన ఒరిజినల్ అదొక్కటే.

నా ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. గౌస్ సార్ మా యజమాని గదిలో గంటసేపు నిలబడి తిట్లు తిన్నాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆ రోజు సాయంత్రం మాత్రం ఆయన వ్యానును ఆఫీసుకు పోనివ్వలేదు. "గేటోళ్లు చెప్తె సరిపోదు. మాట నీది గద, నువ్వే పోయి చెప్పు," అని యాదగిరి ఊరికి తిప్పించాడు. తాను వ్యాను దిగి వాకిలి బయటే నిలబడ్డాడు.

యాదగిరి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది, కూర్చోమని కూడా అనలేదు. నేను నిలబడే చెప్పాను. మీరు కాదండి, మా ప్రోగ్రామే చెరిపింది, తప్పు నాది, డ్యూటీలో ఎవరున్నారని అడిగింది కూడా నేనే అన్నాను. అరుస్తాడనుకున్నాను. ఆయన కాసేపు తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు.

"పొద్దటి సంది అదే యాది చేస్కుంటున్న మేడం," అన్నాడు. "ఏ మీట మీద చెయ్యి పడ్డదో అని. చాయ్ తాగంగ మోచెయ్యి తగిలిందేమో అని. నేనే చేసిన కావొచ్చు అనుకున్న. ఒప్పుకుందామని రేపు పోతుంటి."

వాకిలి బయట సార్ మా వైపు చూడకుండా, లేని కళ్లద్దాల కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. లోపలినుంచి యాదగిరి భార్య రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చి, ఒకటి నాకిచ్చి, రెండోది బయటికి తీసుకెళ్లి ఆయనకిచ్చింది.

ఇప్పుడు వెలిమెల దగ్గర ఒక కంపెనీలో నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. నకలు తీసి కోయడం, పనయ్యాక చింపడం వాళ్లకు నేనే చెబుతాను. గౌస్ సార్ పేరు చెప్పి, కత్తెర కథ చెబితే నవ్వుతారు. ఆయనే ఉంటే ఇంకా బాగా చెప్పేవాడు అనిపించి నాకు దిగులేస్తుంది. ఏదైనా ఫ్యాక్టరీ నుంచి, ఫలానాది పోయింది, మాయమైంది అని ఫోను వస్తే మాత్రం నేను ముందు మా కోడు తెరుస్తాను. డ్యూటీలో ఎవరున్నారని ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అక్కడెక్కడో డబ్బా ముందు ఒక మనిషి, తన మోచెయ్యి ఎక్కడ తగిలిందా అని గుర్తు చేసుకోవడం అప్పటికే మొదలుపెట్టి ఉంటాడు.